సుబేదారు గారిని అడిగేదెవరు?

మా ఆయన సైన్యంలోంచి దిగిపోయి పుష్కరం దాటింది. ఆయన దిగాడు గానీ ఆయన మీంచి నాయక్ ర్యాంకు దిగలేదు. ఇప్పుడు ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరు. బిర్సానగర్‌లో మా ఇంటికొస్తే చూడాలి, కప్పుల చెవులన్నీ ఒకే వైపు తిరిగి అటెన్షన్‌లో నిలబడి ఉంటాయి. నేను పెట్టినవి మాత్రం తిరుగుబాటు చేస్తాయి.

ఇక్కడ మాజీ సైనికులకో సంఘముంది. ఆదివారం పొద్దున కూడి టీ తాగుతారు. మిలిటరీ క్యాంటీన్‌లో ఏ సరుకొచ్చింది, ఎవరి మోకాలికి ఏ నూనె, అంతే. కిందటేడాది వాళ్లలో ఒకతను ప్రాణం తీసుకున్నాడు. అందరూ కోట్ల మీద పతకాలు తగిలించుకుని అంత్యక్రియలకి వెళ్లి, బ్రహ్మాండంగా సెల్యూట్ కొట్టి వచ్చారు. బతికున్నన్నాళ్లూ ఎలా ఉన్నావురా అని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు.

ఆ తర్వాత సిగ్గేసిందో భయమేసిందో, రాంచీ నుంచి ఒక డాక్టరమ్మని పిలిపించారు. భార్యలం కూడా వెళ్లాం. ఆవిడ చక్కగా చెప్పింది. తోటివాడి మీద అనుమానమొస్తే చచ్చిపోవాలనిపిస్తోందా అని ఆ మాటతోనే అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, ఒంటరిగా వదలకండి, ప్రమాదమైన వస్తువుంటే ఇంట్లోంచి తీయించండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అందరూ తలలూపారు. ఆవిడ కారు మలుపు తిరిగిందో లేదో, పనంతా ర్యాంకుల వారీగా పంచేసుకున్నారు. సిపాయిని నాయక్ అడగాలి, నాయక్‌ని హవల్దారు, హవల్దారుని సుబేదారు.

“మరి సుబేదారు గారిని ఎవరడుగుతారు?” అన్నాను.

అందరూ నవ్వారు. సంఘానికి పెద్ద ఆయనే. “ఆయనకేటవుద్దమ్మా?” అన్నాడో హవల్దారు. సుబేదారు గారు కూడా నవ్వారు.

మొన్న వానాకాలంలో పర్సుడీహ్‌లో వాళ్లింటి నుంచి సుబేదారు గారి భార్య నాకు ఫోన్ చేసింది. వాళ్లూ మా శ్రీకాకుళం వైపువాళ్లే. ఆయన రిటైరయ్యాక బ్యాంకులో గన్‌మాన్‌గా చేశారు, ఆ ఉద్యోగం మానేసినా లైసెన్సు తుపాకీ ఇంట్లోనే ఉండిపోయింది.

“పతకాలన్నీ మేనల్లుడికి ఇచ్చేసినారే. కోటు పక్కింటోళ్లకి ఇచ్చేసినారు. తుపాకీ తీసి తుడుత్తన్నారు. తుడవడం అయిపోయినా లోపలెట్టట్లేదు,” అంది.

మా ఆయనకి చెప్పాను. ముఖం పాలిపోయింది. అయినా నోట్లోంచి ఏమొచ్చిందంటే, “సాబ్‌ని నానడగడమేటే? ఆయన సుబేదారు.”

“మీరిప్పుడు లారీల నంబర్లు చూసే ఉద్యోగి. ఆయన పింఛను తీసుకునే ముసలాయన. ఇందులో సుబేదారెవరు, నాయకెవరు?”

“నీకు తెలీదు. ఊరుకో.”

“తెలీకేం? మళ్లీ పతకాలు తగిలించుకుని వెళ్దామనా?”

ఆ మాట తగిలింది. స్కూటరు తాళం తీశాడు. నేనూ వెనకెక్కాను.

సుబేదారు గారు వరండాలో బనీనుతో కూర్చుని ఉన్నారు. “రామ్ రామ్ సాబ్,” అన్నాడు మా ఆయన. కూర్చోమన్నాకే కూర్చున్నాడు, అదీ కుర్చీ అంచున. ఇక మొదలు. వాన గురించి, క్యాంటీన్ గురించి, మోకాలి గురించి. ఇద్దరు మగాళ్లు ఒక మోకాలి గురించి అంతసేపు మాట్లాడగలరని నాకు తెలియదు. లోపల గది తలుపు తీసే ఉంది. మంచం మీద తుపాకీ కనపడుతోంది.

నాకు ఓపిక చచ్చింది. “అన్నగారూ, చచ్చిపోవాలనిపిస్తోందా మీకు?” అని అడిగేశాను.

ఆయన పెద్దగా నవ్వారు. “కాలేజీ సదువులు సదివి ఇదేటమ్మా అడగడం? టీ తాగు.”

డాక్టరమ్మ చెప్పిన మాటే అడిగాను, ఒక్క అక్షరం తేడా లేదు. అయినా నేను సివిలియన్‌ని. నాకు టీయే గతి.

అప్పుడు మా ఆయన లేచాడు. రబ్బరు చెప్పులతో మడమలు కలిపాడు. చప్పుడైతే రాలేదు.

“సాబ్, ఒక రిపోర్ట్. డ్యూటీ అయిపోయినోడు ఆయుధం కోత్‌లో జమ సెయ్యాల. మీరే నేర్పినారు.”

కోత్ అంటే పటాలంలో ఆయుధాలు దాచే గది. అక్కడ అప్పగించకుండా ఎవడూ అన్నానికి కూడా పోకూడదట. పెళ్లయిన దగ్గర్నుంచీ వింటున్నాను.

“మీ డ్యూటీ అయిపోయి సాన్నాళ్లయింది సాబ్. ఆయుధం ఇంకా మీ కాడే ఉంది.”

“నాకే ఆర్డరేత్తన్నావా?”

“లేదు సాబ్. రిపోర్ట్ సేత్తన్నాను. ఇంకోటి సాబ్. సచ్చిపోవాలనుందా మీకు?”

సుబేదారు గారు ఈసారి నవ్వలేదు. ఆయన చూపు మా ఆయన రబ్బరు చెప్పుల మీదికి దిగింది.

“ఉందిరా,” అన్నారు.

మా ఆయన “జీ సాబ్” అన్నాడు. అంతే. నేనైతే ఉపన్యాసం మొదలుపెట్టేదాన్ని.

ఆ మధ్యాహ్నమే తుపాకీ జమ చెయ్యడానికి పోలీస్ ఠాణాకి ఆటోలో బయల్దేరాం. దుప్పట్లో చుట్టిన తుపాకీని మధ్యలో పెట్టుకుని మగాళ్లిద్దరూ నిటారుగా కూర్చున్నారు, దేవుడి విగ్రహాన్ని ఊరేగిస్తున్నట్టు. తూటాల డబ్బా నా ఒళ్లో. గతుకు వచ్చినప్పుడల్లా ఆటో డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని చూసి దండం పెట్టుకున్నాడు. అప్పగించేటప్పుడు సుబేదారు గారు, అక్కడ కాపలా ఉన్న పోలీసుని, నీ తుపాకీ బోల్టు తుడిచింది సరిగ్గా లేదని ఒకసారి మందలించారు కూడా. మర్నాడు మా ఆయనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

దీని మీద సంఘంలో పెద్ద గొడవ. నాయక్ వెళ్లి సుబేదారుని అడగొచ్చా అని. బతికిన మనిషి కంటే తప్పిన పద్ధతే వాళ్లకి బరువైపోయింది. అది అడగడం కాదు, రిపోర్ట్ చేయడం అని చివరికి తేల్చుకుని ఊపిరి పీల్చుకున్నారు. వాళ్ల తెలివికి నేనే సెల్యూట్ కొట్టాలి.

ఇప్పుడు మా ఆయన షిఫ్టు దిగి రోజూ పర్సుడీహ్ వెళ్తాడు. నిన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీ ఏదో ఇరుక్కుని ఆలస్యమైంది. నాకు ఫోనొచ్చింది. సుబేదారు గారే.

“ఏటమ్మా, మీ ఆయనకి టైమంటే లెక్క లేదా? ఎంతసేపు సూడాల నాను? టీ సల్లారిపోతంది ఇక్కడ! రేపు కూడా ఇలాగే సేత్తే ఊరుకోనని సెప్పు!”

నా మీద అరిచినవాణ్ణి నేను ఊరికే వదిలిన చరిత్ర లేదు. నిన్న మాత్రం గోడకి ఆనుకుని, ఆయన చాలించేదాకా ఆ తిట్లన్నీ విన్నాను.