చాలన్నాక వడ్డించే ముద్ద

పోయిన నెల కర్నూలులో మా పాత కళాశాల విద్యార్థుల కలయికకు వెళ్లినప్పుడు, భోజనాల దగ్గర పళ్లెం చేతబట్టుకుని వరుసలో నిలబడవలసి వచ్చింది. వడ్డించే మనిషి సంగటి ముద్ద ఒకటి పెట్టగానే అలవాటుగా చాలన్నాను. అతను సరేనండీ అని నా వెనకాయన వైపు తిరిగాడు.

యాభైల్లో, కర్నూలు కొత్తగా రాజధాని అయి, ప్రభుత్వ కచేరీలకు సైతం డేరాలు వేసుకున్న రోజుల్లో, ఊళ్లో తల దాచుకునే చోటు దొరకడమే గగనంగా ఉండేది. అందుకే మా కళాశాలవారు ఆవరణలోనే రేకుల వసారాలు వేయించి, మమ్మల్ని అక్కడే ఉంచి చదివించారు. వేకువన గంట, తుంగభద్రలో స్నానం, సాయంత్రం కడప బండల మీద బారుగా కూర్చుని భోజనం; నా ఈడువారికి ఇదంతా చెప్పనక్కరలేదు.

మాది ఆళ్లగడ్డ దగ్గర పేరున్న ఇల్లు. తాతగారి కాలానికే దావాల్లో పొలాలు పోయినా, ఇంటి మర్యాద పోలేదు. చాలనడం తినేవారి మర్యాద, వినకుండా ఇంకొకటి వడ్డించడం పెట్టేవారి మర్యాద. అడిగి వేయించుకోవడం మాలో లేదు. వసతిగృహంలో వంటాయన గంపతో రెండోసారి వచ్చేవాడు, నేను చాలనేవాణ్ణి, ఆయన నిజమేననుకుని సాగిపోయేవాడు. తక్కినవాళ్లు ఒకరి పళ్లెంలోది ఒకరు లాక్కుని తింటుంటే నేను నిటారుగా కూర్చుని ఒక్క ముద్దతో లేచేవాణ్ణి. ఆకలి కన్నా, అంత పెద్ద శాలలో నన్ను బలవంతపెట్టే మనిషి ఒక్కరూ లేరన్నదే ఎక్కువగా బాధించేది. అహోబిలం తిరునాళ్ల సెలవులకు ఇంటికి పోయి ఇక తిరిగి రాకూడదని, ఎవరికీ చెప్పకుండా పెట్టె సర్దుకున్నాను.

నా గదిలోనే ఉండే ఆలూరు సహపాఠి తిరునాళ్లకని నాతోపాటే బయలుదేరి, ఆ మధ్యాహ్నం మా ఇంట్లో దిగాడు. సగం మిద్దె కూలిన ఇల్లు అతని కంట పడుతుందని బిడియపడ్డాను. అతను చూసింది వేరు. నేను చాలంటే అమ్మ ఇంకో ముద్ద పెట్టింది. అతనూ చాలన్నాడు, అతనికీ పెట్టింది. నిజంగానే కడుపు నిండిన అతను నా వైపు దీనంగా చూశాడు. చేతులు కడుక్కుంటూ అన్నాడు:

“ఏమప్పా, మీ ఇంట్లో సాలంటే ఇంగోటి పెట్టమనా? ముందే చెప్పింటే కాదా, ఇన్నాళ్లు ఆడ అర్ధాకలితో లేస్తాంటివి.”

చెంబు అందుకుని నేనూ చేతులు కడుక్కున్నాను. చెప్పి పెట్టించుకుంటే అది మర్యాద ఎట్లా అవుతుంది? తిరునాళ్లు అయ్యాక, నేను రానని ఎంత చెప్పినా వినక, నా పెట్టె తానే భుజాన వేసుకుని బస్సు దగ్గరికి నడిచాడు. ఆ సాయంత్రం కర్నూలులో నా పక్కనే కూర్చుని వంటాయనతో, “ఆయప్ప మాట ఇనొద్దన్నా, ఇంగో ముద్ద ఎయ్యి,” అన్నాడు. ఆ ఏటి పరీక్షలు ముగిసేదాకా ప్రతి పూటా అదే మాట. నా చదువు ఆగిపోకుండా నిలబడింది.

మరుసటి ఏడు ఆలూరు వైపు వానలు లేక, వాళ్ల నాయన సేద్యానికి పిలిపించుకుంటే అతను కళాశాలకు రాలేదు, మళ్లీ కనిపించనూ లేదు. వంటాయన మాత్రం అలవాటు తప్పక, నేను చాలన్నా రెండో ముద్ద పెట్టి సాగిపోయేవాడు. ఆకలి తీరేది. నా పక్క బండ ఖాళీగానే ఉండేది.

ఇప్పటివాళ్లు కావలసింది నోరు తెరిచి అడుగుతారు, చాలంటే చాలనే నమ్ముతారు, ఎవరూ అర్ధాకలితో లేవనక్కరలేదు, మంచిదే. అయినా మొన్న ఆ వరుసలో, చాలన్న తరువాత పళ్లెం వెంటనే వెనక్కి తీసుకోలేకపోయాను. వెనకాయన జరగమనేదాకా అట్లాగే పట్టుకుని నిలబడ్డాను.