బంద్ రోజున మోదుగ మొక్కల కోసం

నా భార్య వృక్షశాస్త్రం బోధించేది. వనస్థలిపురంలో వాళ్ల కాలేజీ వెనక బోడిగుట్టకు మళ్లీ చెట్లు రప్పించాలని ఒక కాగితం రాసింది. అందులో మొక్కల పేర్లు లేవు, గుణాలే ఉన్నాయి: మందమైన ఆకు, లోతుకు దిగే వేరు, ఎండకు ఓర్చుకోవాలి. నేలకు ఏ గుణం కావాలో తేలాకే పేరు వెతకాలనేది. పేర్లు రాయకముందే జబ్బుచేసి పోయింది. వానలు తగ్గేలోగా ఆ పని నేను చేద్దామని బయల్దేరాను.

ఉదయం ఏడింటికి దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో తెలిసింది, తెలంగాణ బంద్ అని. ముందురోజు పేపరు చూడలేదు. గంటన్నర నిలబడ్డాక ఒక ఆటో ఆగింది.

"ఎల్బీనగర్ దాంక రెండొందలు సార్."

"రోజూ పది రూపాయలేగా బాబూ?"

"రోజు బంద్ ఉంటదా సార్? గల్లీలల్ల తిప్పి తోల్కపోవాలె."

కొత్తపేట దగ్గర ఊరేగింపు అడ్డొచ్చింది. "జర దిగుండ్రి సార్, నేను గూడ జులూస్‌ల కలుస్త" అంటూ ముందే తీసుకున్న రెండొందల్లో వంద తిరిగిచ్చి, ఆటో గల్లీలో పెట్టి జెండా పట్టుకున్నాడు. తిట్టడానికి కూడా మనిషి మిగల్లేదు. నడిచాను.

పదింటికి ఎల్బీనగర్ దాటి నర్సరీ చేరాను. కాగితం చదివి వినిపిస్తే నర్సరీ ఆమె నవ్వింది.

"గుణాలడుగుతున్నవ్, పెండ్లి సంబంధమా సార్? పేరు చెప్పు. నిరుడు నిలువెత్తు తురాయి మొక్కలు తీస్కపోతివి గద, ఎట్లున్నయి?"

"చచ్చిపోయాయి."

ఆ మాట ఎవరితోనైనా అనడం అదే మొదలు. గుట్ట మీద నాటితే వేసవికే ఎండిపోయాయి. ఆసుపత్రిలో నా భార్య అడిగిన ప్రతిసారీ బాగున్నాయనే చెప్పాను.

నర్సరీ ఆమె ఒక తురాయి మొక్క సంచి చించి చూపించింది. వేరు కిందికి దిగే దారి లేక లోపలే చుట్టలు చుట్టుకుంది. "అందరు ఎత్తే చూస్తరు సార్, వేరెవ్వరు చూడరు." వెనక నుంచి మోకాలెత్తు కూడా లేని మోదుగ మొక్క తెచ్చింది. "గివి ఎవ్వరు కొనరు. రాళ్లల్ల గూడ బతుకుతయి."

ఆకు పట్టుకుని చూశాను. తోలులా మందంగా ఉంది.

ఒక్కోటి ఇరవై రూపాయలు. బండి దొరకదు కనుక చేతికి మూడు చొప్పున ఆరే కొని, వనస్థలిపురం దాకా మోసుకెళ్లాను. గుట్ట మీద నాటేసరికి మూడయింది.

ఆ కాగితం నా భార్య నిరుడే నా చేతికిచ్చింది. మడత విప్పకుండా జేబులో పెట్టుకుని, పొడుగ్గా, పచ్చగా ఉన్నవి కొన్నాను. ఈ ఆరింటిని చూసి ఎవరూ చెట్లనరు. కానీ ఆమె అడిగినవి ఇవే.

మీరూ ఇలాంటి పనికి వెళ్తుంటే ఒక సంచి చించి వేరు చూపించమనండి. చించిన మొక్క ధర మీరే ఇవ్వండి.