సలోమి చెలక మీది తీగలు

సిర్గాపూర్ శివారులో సలోమికి ఉన్నది ఒక్క చెలక. భర్త నెహెమ్యా హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయి జ్వరంతో అక్కడే చనిపోయాక, ఆ చెలకలో జొన్న వేసుకుని, రెండు బర్రెల పాలు నారాయణఖేడ్ హోటళ్లకు పోసి బతికింది. ఎవరి ముందూ చెయ్యి చాపలేదని లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

చెలక నడుమ నుంచి పదకొండు కేవీ కరెంటు లైను పోతుంది. ఒక స్తంభం ఒరిగి తీగలు కిందికి వేలాడాయి. గాలి వీస్తే ఒకదానికొకటి తగిలి చిటపటమనేవి, నిప్పురవ్వలు రాలేవి. లైన్‌మన్ సుభాష్ కనబడినప్పుడల్లా సలోమి ఆపి చెప్పేది.

“గీ తీగలు గుంజి కట్టు తమ్మీ. మంటలు పడ్తున్నయ్.”

“కొత్త పోలు రావాలె సలోమక్కా. పై సార్లకు చెప్పిన.”

“నువ్వు చెప్పవడ్తివి, నేను ఇనవడ్తిని. గాలి ఆగుతదా?”

సుభాష్ తల వంచుకుని బండి స్టార్ట్ చేసేవాడు.

మొన్నటి ఎండాకాలం జొన్న కోసి, సొప్పనంతా బర్రెల మేతకని చెలకలోనే వామిగా పేర్చింది. ఒక మధ్యాహ్నం సుడిగాలి లేచి తీగలు కొట్టుకున్నాయి. కళ్లు చెదిరేలా మెరిసి, ఒక తీగ తెగింది. కరిగిన లోహపు చుక్కలు వామి మీద పడ్డాయి. బిందెతో సలోమి పరుగెత్తేలోపే మంట మనిషెత్తు దాటింది. పక్కనే కట్టేసిన బర్రెల తాళ్లు కోయబోయి కుడిచేయి మోచేతి దాకా కాల్చుకుంది. ఒక బర్రె బయటపడింది. చూడిబర్రె మంటల్లోనే పోయింది.

మరునాడు కరెంటు ఆఫీసు ఇంజినీరు చూడటానికి వచ్చాడు.

“లైను కింద వామి ఎవరు వెయ్యమన్నారు?”

“చెలక మొత్తం లైను కిందనే ఉంది సారూ. చెలకను ఏడికి జరపాలె?”

అతను ఫోన్లో ఫొటోలు తీసుకుని వెళ్లిపోయాడు.

తెగిన తీగ అతికించడానికి మనుషులొస్తే, సలోమి కట్టు కట్టిన చేతితో స్తంభం మొదట్లో కూర్చుంది. తీగలు పైకి లేపి కట్టేదాకా లేవనంది. ఊరి బోర్లు నడిచేది ఆ లైను మీదే. కాసేపటికి రైతులు చేరారు. ముందు మాట్లాడింది పక్క చేను దశరథ్. మంట రోజు ఆమెతోపాటు నీళ్లు మోసినవాడు.

“నీ సొప్ప కాలింది. మా చెరుకు గూడ ఎండాల్నా?”

“రేపు నీ చెరుకు మీద పడితే?”

“పడ్డనాడు సూసుకుంటం. ఇగ లే.”

ఆమె అందరి ముఖాలూ చూసింది. ఒక్కరూ వచ్చి ఆమె పక్కన కూర్చోలేదు. లేచింది. తీగలను అలాగే వేలాడేటట్టు అతికించి కరెంటు వదిలారు.

మేత లేక మిగిలిన బర్రెను కల్హేర్ పశువుల అంగడిలో అమ్మేసింది. వానలకు ముందు ట్రాక్టర్లో కొత్త స్తంభాలు వచ్చాయి. తన కోసమేననుకుని సలోమి దారి చూపడానికి ఎదురు నడిచింది. ట్రాక్టర్ ఆగలేదు. ఊళ్లో పెద్ద ఆసామి మాణిక్యప్ప కడుతున్న కోళ్ల షెడ్డు మీద నుంచి లైను జరపడానికట.

“నా చేతుల ఏముందక్కా,” అన్నాడు వెనక వచ్చిన సుభాష్.

సలోమి వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది. ఈ ఏడు చెలక బీడు పడింది. ఆమె మాణిక్యప్ప షెడ్డులో ఎడమచేత్తో ఊడుస్తుంది.