రైలు కట్ట మీద అక్క సైకిలు

ఇది రాసిపెట్టకపోతే ఫోన్లలో కనబడే మ్యాపే నిజమని జనం నమ్ముతారు. అందుకే కూర్చుని రాస్తున్నాను. పోయిన వానకాలంలో ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు పక్కన, బొరుగులు తాలింపు వేసి ఉగ్గాని అమ్మే మా బండి దగ్గర కొంతమంది సైకిళ్ళ వాళ్ళు ఆగారు. తలలకు హెల్మెట్లు, చేతులకు తొడుగులు, సైకిళ్ళకు రెండు పక్కలా సంచులు. ఊళ్ళు చూసుకుంటూ తిరగడమే వాళ్ళ సరదా అట. వాళ్ళలో ఒకమ్మాయి ఫోను చాపి, ఆదోని దగ్గర పెద్ద లైను నుంచి చీలి గుట్ట దాకా పోయే చుక్కల గీత చూపించింది. పాత రైలు దారి అని, సైకిలు తొక్కడానికి బాగుంటుందని ఎవరో రాశారట. పొద్దుటి నుంచి వెతుకుతూ చేలల్లో దిగబడి, చక్రాలు తిరగక, సైకిళ్ళు మోసుకుంటూ రోడ్డెక్కారు. ఆ చక్రాలకు మెత్తుకున్న తడి నల్లరేగడి నుంచి పాత ఇనుమూ పచ్చి వేరుశనక్కాయా కలిసినట్టుండే వాసన వచ్చింది. ఎన్నేళ్ళయిందో ఆ వాసన అంత దగ్గరగా పీల్చి!

బండి గొడుగు కమ్మీలో దోపి ఉన్న తుమ్మపుల్ల తీసి ఆ అమ్మాయికి ఇచ్చాను.

"ఇదేంటి ఆంటీ?"

"గీకుడు పుల్లమ్మా. ఈడ బ్రేకుల్లేకున్నా సైకిలు పోతాది గానీ, వానలో ఇది లేకుంటే కదల్దు."

అందరూ నవ్వారు. ఒక్కో చక్రం గీక్కుని, బజ్జీలు తిని, "ఇంతకీ ఆ రైలు దారి ఎటు?" అని అడిగారు. ఎటని చెప్పను? చెయ్యెత్తి చూపించడానికి అక్కడేమీ లేదు.

ఒకప్పుడు ఉండేది. గుట్టలో కంకర కొట్టి పెద్ద లైనుకు తోలడానికి వేసిన చిన్న లైను అది. మా అబ్బ, అంటే నాయన తండ్రి, ఆ కంకర గంపలు మోసినవాడే. గుట్టలో పని ఆగిపోయాక పట్టాలు పీక్కుపోయారు. మేము పుట్టేనాటికి మిగిలింది కట్ట ఒక్కటే. నిలబడిన మనిషంత ఎత్తున, గరుసు మన్నుతో పోసి, పైన ఇంజన్ల బొగ్గు చిట్టెం పరిచిన ఆ కట్ట, మా ఊరి పక్కనుంచి ఆదోని దాకా గీత గీసినట్టు పోయేది. వానకాలంలో చుట్టూ నేలంతా నల్లటి అంబలిలా మారి, మనిషి కాలికి చెప్పులా అంటుకుని వచ్చేదే కానీ, కట్ట మీద మాత్రం వాన వెలిసిన కాసేపటికే సైకిలు సరసరా పోయేది.

మా ఇంట్లో నాయన సైకిలు ఒకటి ఉండేది. తొలివాన పడగానే దాని మడ్‌గార్డులు రెండూ ఊడదీసి దూలానికి వేలాడదీయడం మా ఊళ్ళో ప్రతి ఇంటి పద్ధతి. మడ్‌గార్డు ఉంటే దానికీ చక్రానికీ మధ్య రేగడి ఇరుక్కుని రాయిలా బిగిసిపోతుంది. ఎండలు ముదిరాకే మళ్ళీ వాటిని దించేవాళ్ళు. మా అక్క మార్తమ్మ సీటు అందక, కమ్మీ కింద నుంచి కాలు దూర్చి ఆ సైకిలు నేర్చుకుంది. వెనక క్యారియరు మీద నేను. తంగేడు పూసే రోజుల్లో కట్ట రెండు పక్కలా పసుపు ఆరబోసినట్టుండేది. సీతాఫలాలు కళ్ళు తెరిచే కాలంలో గుట్ట వైపు పోయి, లంగాల్లో కాయలు కట్టుకొచ్చి జొన్నల్లో మాగేసేవాళ్ళం. పీర్ల పండగకు పక్క వీధి వాళ్ళు పెట్టిన మలీద ముద్దలు, క్రిస్మస్‌కు అవ్వ చేసిన బెల్లం కజ్జికాయలు, మామూలు రోజుల్లో సెనక్కాయల పొడి చల్లి చుట్టిన జొన్నరొట్టె, ఏవైనా సరే కట్ట మీద మోరీ గోడపై కూర్చుని తింటేనే మాకు రుచి. మోరీ అంటే వంక నీళ్ళు పోవడానికి కట్ట కింద కట్టిన రాతి కమాను. దాని నీడలో మేకలు మళ్ళించుకుని ఖాసిం తాత కూర్చునేవాడు.

"ఏమ్మే మార్తమ్మా, టికెట్టు తీసినావా? రైలు దావలో ఊరికే పోతాండావు!"

"పాసుంది తాతా! మా అబ్బ మోసిన కంకరే నా పాసు."

"అట్లయితే నా మేకలకు గూడా ఒకటి రాయించియ్యి."

అక్క ఆదోని హైస్కూలుకు పోయేది ఆ కట్ట మీదే. మా వైపు వానలు మొహం చాటేసిన ఏడల్లా సగం ఊరు సుగ్గికి పోతుంది. సుగ్గి అంటే గుంటూరు వైపు మిరప, పత్తి చేలల్లో కూలికి మూటాముల్లె సర్దుకుని వలసపోవడం. ఇళ్ళకు తాళాలు పడతాయి, బడులు ఖాళీ అవుతాయి. మా అమ్మానాయనా ఏటా పోయేవాళ్ళు. చిన్నదాన్నని నన్ను అవ్వ దగ్గరే ఉంచేవాళ్ళు. అక్కను కూడా వదిలిపోవడానికి నాయన ఒక మాట పెట్టాడు: "బడికి పోయినన్నాళ్ళు ఈడుండు. బడి తప్పినావంటే లారీ ఎక్కాల." పదో తరగతి గట్టెక్కి నర్సు చదువుకు పోవాలని అక్క ఆశ. ఆ ఆశంతా ఆ కట్ట మీదే నిలబడి ఉందని మాకెవరికీ తట్టలేదు.

కట్టను కొల్లగొట్టింది పరాయివాళ్ళే అయితే ఈ చేదు ఇన్నేళ్ళుండేది కాదు. మొదట తవ్వింది మా ఊరే. పీర్ల చావిడి అరుగు ఎత్తు చెయ్యాలని ఇంటికొక బండి గరుసు తోలారు. మోరీకి అవతల కట్ట కాస్త పల్లంగా ఉండి ఎద్దులు సులువుగా ఎక్కుతాయి కాబట్టి అందరూ అక్కడే తవ్వారు. మరుసటి ఏడు మా చర్చి నేలకు మళ్ళీ ఇంటికొక బండి, మళ్ళీ అక్కడే. మా నాయన బండి కట్టాడు, ఖాసిం తాత కొడుకు పార పట్టాడు. దేవుడి పనికి మన్ను తీస్తే తప్పేముంది? పైగా అది అందరి కట్ట. అందరిదీ అంటే అడిగేవాడు లేనిదని మా ఊరి లెక్క. అట్లా గండి పడ్డాక, ప్లాట్లు వేసే కాంట్రాక్టరు ఒకడు వచ్చి, ఎట్లాగూ తెగిన కట్టే కదా అన్నాడు. చావిడికీ చర్చికీ రేకులు వేయిస్తానన్నాడు. పెద్దలు తలలూపారు. టిప్పర్లు వచ్చాయి.

ఆ వానకాలం గండిలో నడుములోతు నీళ్ళు నిలిచాయి. చేలల్లోంచి తిరిగిపోదామంటే రేగడి. అక్క గీకుడు పుల్లతో చక్రం గీకడం, నాలుగడుగులు నెట్టడం, మళ్ళీ గీకడం. బడికి చేరేసరికి మధ్యాహ్నం గంట కొట్టేవాళ్ళు. కొన్నాళ్ళు సైకిలు భుజానికెత్తుకుని పోయింది. జ్వరం తెచ్చుకుంది. దసరా సెలవుల తరవాత ఇక పోలేకపోయింది. అమ్మ చర్చిలో మోకాళ్ళూని, బిడ్డ చదువు నిలబెట్టమని ఏడ్చి ప్రార్థన చేసింది. ఆమె మోకాళ్ళ కింద ఉన్నది ఆ గరుసే.

"సూడు పాపా, దావుంటే పోదువు. దావ లేదు, నేనేం జేసేది?" అన్నాడు నాయన.

"దావ తవ్విందెవురు నాయనా?"

నాయన దూలానికున్న మడ్‌గార్డులు దించి, బయట వాన పడుతుండగానే, ఒక్కొక్క మర బిగిస్తూ సైకిలుకు తొడిగాడు. ఎండాకాలం దాకా తొడగకూడని మడ్‌గార్డులు. అక్క అది చూసి మూట కట్టుకుంది. లారీలో గిన్నెల మూటల మధ్య కూర్చునే ముందు గీకుడు పుల్ల నా చేతిలో పెట్టి, "నీకు పనికొస్తాది" అంది. పనికి రాలేదు. ఊరి బడిలో ఏడుతో నా చదువూ ఆగిపోయింది.

పెళ్ళయి ఎమ్మిగనూరు వచ్చాక గ్రంథాలయం నాకు బడి అయింది. పొద్దుటి బేరం అయిపోగానే పోయి, చరిత్ర, భూగోళం, యాత్రలు అని అర తరవాత అర చదివాను. చాలామంది డిగ్రీ వాళ్ళకన్నా ఎక్కువే చదివానని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఒకనాడు ఒక పత్రికలో, పరాయి దేశాల్లో మూతపడ్డ రైలు దారులను చదును చేసి, చెట్లు నాటి, సైకిళ్ళకు వదిలారని బొమ్మలతో సహా చదివాను. ఆ బొమ్మలో ఒక పిల్ల, వెనక ఇంకో పిల్ల. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. చదును చేసే పని కూడా లేకుండా, చెట్లతో సహా మాకు దొరికిన దారి అది.

ఇప్పుడు ఆ కట్ట ఆదోని దగ్గర ప్లాట్ల మధ్య రోడ్ల కింద ఉంది. ఇళ్ళు లేవలేదు, కంపచెట్లు లేచాయి. తంగేడు లేదు, ఖాసిం తాత లేడు, మడ్‌గార్డులు ఊడదీసే ఇల్లు లేదు. మోరీ ఒక్కటే చేల మధ్య, ఎక్కే దారీ దిగే దారీ లేకుండా నిలబడి ఉంది. సైకిళ్ళ వాళ్ళకు ఇదంతా చెప్పలేదు. తారు రోడ్డే మేలని పంపించాను. ఆ అమ్మాయి గుర్తుగా పుల్ల ఇమ్మంది. ఇవ్వలేదు.

ఇది రాయడానికి సాయపడ్డవాళ్ళను తలుచుకోవాలి. అడిగిన పత్రికల కట్టలన్నీ విసుక్కోకుండా దించిపెట్టిన గ్రంథాలయం రంగన్నకు, తన తండ్రి మాటలు గుర్తుచేసిన ఖాసిం తాత కూతురు హుసేనమ్మకు, నా అక్షరం కూడబలుక్కుని ఫోనులో ఎక్కించిన నా కోడలు సునీతకు, ముందుగా ఎవరి బండి పోయిందో దాచకుండా చెప్పిన మా నాయన దేవదాసుకు నా కృతజ్ఞతలు. అందరికన్నా ఎక్కువగా మా అక్క మార్తమ్మకు. ఆమె ఈ ఏడూ సుగ్గిలోనే ఉంది. మిరప చేను గట్టు మీద కూర్చుని, నేను ఫోనులో చదువుతుంటే చివరి దాకా వింది. బాగుందా అని అడిగాను.

"బాగుండాది. మడ్‌గార్డులు గుర్తు పెట్టుకున్నావే" అంది. "మేస్త్రీ పిలుస్తాండాడు, పోవాల" అని ఫోను పెట్టేసింది.