మా బావ రాసిన శ్రీ

మా బావకు ఒక పిచ్చి ఉంది. ఏ కాగితం చేతికొచ్చినా పైన మూలకు చిన్నగ శ్రీ రాయంది పెన్ను కదలదు. కిరాణా చిట్టీ అయినా అంతే, లీవు లెటరయినా అంతే. "గా భక్తిల సగం తెలివి మీద పెట్టు బావా" అని మస్తు సార్లు ఎక్కిరించిన.

ఇద్దరం నాచారంల ఒకటే మందుల కంపెనీల గోళీలు ఒత్తే మిషన్ మీద పనిజేసెటోళ్లం. అక్కడ షిఫ్టుల జరిగిందంతా బ్యాచ్ బుక్కుల చేత్తోనే రాయాలె. చిన్న గీత ఎక్కువ పడ్డా ఎందుకు పడ్డదని అడుగుతరు. ఇంక లోపటికి వోయేటప్పుడు తలకు టోపీ, మూతికి మాస్కు, కండ్లకు అద్దాలు, మెడకాన్నుంచి కాళ్ల దాకా తెల్ల గౌను. కన్నతల్లి వచ్చినా గుర్తుపట్టది. అందుకే ఒకరి డ్యూటీ ఇంకొకరం జేస్తుంటిమి. కార్డు కొట్టి లోపటికి వోతే సాలు, అడిగేటోడు లేడు. తప్పే, కాదంటలేను.

ఒక దినం నాకు ఉప్పల్ స్టేడియంల మ్యాచ్ టికెట్ దొరికింది. నా డ్యూటీ మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి పదింటి దాక. బావకు ఆ దినం వారపు సెలవు. చిల్కానగర్ల అక్క ఇంటికి వోయి బావ కాళ్లా వేళ్లా పడ్డ. "జిందగీల ఒక్కసారి బావా!" అక్క కస్సుమన్నది గానీ బావ నా కార్డు జేబుల ఏసుకొని పోయిండు.

తెల్లారి నాకు మెమో ఇచ్చిన్రు. నీ పేజీ మూలకు శ్రీ ఎందుకు రాసినవు, జవాబియ్యి అని! నేనా, గుడి మెట్టెక్కనోన్ని. నా సంతకం గిలికి, పైన తన శ్రీ పెట్టొచ్చిండు మహానుభావుడు. "మల్ల జరగదు సార్" అని రాసిచ్చి, ఆ మెమోను తెచ్చి మా బీరువా తలుపు లోపలి దిక్కు అతికించిన. బావ వచ్చినప్పుడల్లా తలుపు తీసి సూపెడుదామని.

గా ఎక్కిరింపులు నెల గూడ సాగలే. ఆ మ్యాచ్ దినమే పొద్దుగూకే యాళ్లకు పీర్జాదిగూడల కడుతున్న అపార్టుమెంటుల రాగి వైరు ఎత్కపోయిన్రు, అడ్డమొచ్చిన వాచ్‌మన్ తల పగలగొట్టిన్రు. సెలవు దినాలల్ల బావ అక్కడ వైరింగు పనికి వోయెటోడు. జోరు వానల సూసిన, ఈయననే అని వాచ్‌మన్ బావను సూపెట్టిండు. కేసు నడిచింది. ఏడేండ్ల శిక్ష పడ్డది.

నిజం జెప్త బావా అంటే ఆయన ఒప్పుకోలె. "సప్పుడు జెయ్యకు. నౌకరి పోతే నీకు పిల్లనెవడిస్తడు? నేను జెయ్యలేదు గద, కోర్టుకు గంత తెల్వదా?" ఇంట్లనే పండుకున్న అని కోర్టుల జెప్పిండు. అవునన్నది అక్క. పెండ్లాం గట్లనే అంటదన్నరు. నేను కోర్టు వరండాల కూసొని గోర్లు కొరికిన. బావ మాట విన్న అని చెప్పుకున్న గానీ, అసలు సంగతి భయం. తల్సుకుంటె ఇప్పటికీ సిగ్గయితది. అప్పటికెల్లి అక్క నన్ను ఒక్క మాట అనలె. తిట్టినా బాగుండు.

రెండేండ్లకు ఉప్పల్ల ఒక వకీలమ్మ అప్పీలు పట్టుకున్నది. అక్కను తోల్కొని వోయి ఆమె ముందట ఉన్నదంతా కక్కిన.

ఆమె నన్ను కింది నుంచి మీది దాక సూసింది. "బావ కోసం బామ్మర్ది జెప్పే మాట ఎవరు నమ్ముతరయ్యా? మొదలు అబద్ధం జెప్పిన్రు, ఇప్పుడు నిజాన్ని అబద్ధమంటరు. కాగితం ఉందా?"

"అంత నా పేరు మీదనే ఉంది మేడం, ఏం కాగితముంటది?" అన్న.

అక్క లేచి నిలబడ్డది. "నీ బీరువా తలుపు" అన్నది.

ఆటో ఎక్కి ఇంటికి ఉరికినం. నేను ఎంత గట్టిగ అతికించిన్నో! చాకుతోని గీకి గీకి, చినగకుండ ఊడదీసేసరికి ఇద్దరికీ చెమటలు పట్టినయ్. వకీలమ్మ మెమో సదివి, తారీఖు సూసి, మొదటిసారి నవ్వింది. "ఆ పేజీ ఇంకా ఉంటదా?"

"మా కంపెనీల సచ్చినా పారెయ్యరు మేడం."

"ఆ రాత ఎవరిదో నిపుణులు తేలుస్తరు. మరి నీ నౌకరి?"

"పోతే పోనీ" అన్న. గీ రెండు ముక్కలకు నాకు రెండేండ్లు పట్టింది.

వారంల నౌకరి పోయింది. ఇప్పుడు ఒక మందుల దుకాణంల అట్టపెట్టెలు మోస్తున్న. హైకోర్టు ఆ బుక్కు తెప్పియ్యమన్నది, తీర్పు ఇంకా రాలె.

మొన్న జైలుకు ములాఖత్‌కు వోయిన. అద్దం అవతల బావ, చెవి కాడ ఫోను. నౌకరి సంగతి జెప్తే అగ్గి మీద గుగ్గిలమయిండు. "మరి నేను లోపట ఎందుకున్నట్టురా?" అన్నడు. జరసేపైనంక తనే సల్లబడ్డడు.

"బామ్మర్దీ, ఒకటడుగుత, నిజం జెప్పు. జోరు వాన అన్నడు గద వాచ్‌మన్. మన మిషన్ రూముల కిటికీలు లేకపాయె, నాకు వాన పడ్డట్టే తెల్వదు. మరి నీ మ్యాచ్ అయ్యిందా?"

నేను ఎవరికీ జెప్పని ముచ్చట అది. "ఒక్క బాలు గూడ పడలె బావా. రెండు సమోసాలు తిని వచ్చిన."

బావ నన్నే సూసిండు. సూసి సూసి పక్కున నవ్విండు. పోలీసాయన ఇటు తిరిగేదాక నవ్విండు. తర్వాత ఫోను మూతికి దగ్గర వెట్టుకొని, మెల్లగ అన్నడు, "మీ అక్కకు మాత్రం జెప్పకు. సంపుతది నిన్ను."

ఇంకా నన్నే కాపాడుతుండు, జైల్ల కూసొని. నాకు ఏడుపాగలే.

చిల్కానగర్ల బస్సు దిగంగనె సక్కగ వోయి అక్కకే జెప్పిన. అక్క చేతిల గంటె పక్కన వెట్టి, ఇన్నేండ్లు అనని తిట్లన్నీ ఒక్కసారే తిట్టింది. నేను తలకాయ వంచుకొని నిలబడి అన్నీ విన్న.