అట్ట మండపంలో పెళ్లి

మలయాలోని పినాంగు రేవులో పనిచేసే మా ఆయన దగ్గరకు పోవాలని యాభైలలో ఒకనాడు నాకు నేనే తీర్మానించుకున్నాను. పెళ్లయిన మూడో నెలకే ఆయన ఓడెక్కారు. అప్పటికి ఆరేళ్లు. పోవాలంటే పర్మిట్ కావాలి, పర్మిట్‌కు నేను ఆయన భార్యనని రుజువు కావాలి. మెడలో తాళి ఉంది గానీ దాని మీద ఆయన పేరు రాసి లేదు గదా! పెళ్లి ఫోటో తెమ్మన్నారు. మద్రాసులో మా వాషర్‌మెన్‌పేటలో ఎవరి పెళ్లికి ఫోటో తీశారు గనక?

మా తమ్ముడు కోడంబాక్కంలో సినిమా సెట్లు కట్టే వడ్రంగి. "వెయ్యబద్దాలు చెప్పి ఒక పెండ్లి చెయ్యమన్నారు. ఇది ఒక్కటే గదక్కా!" అన్నాడు.

షూటింగు అయిపోయి, రేపో మాపో విప్పేయబోయే కల్యాణ మండపం ఒకటి ఉంది. నా పక్కన ఖాళీ పీట వేసి కూర్చోబెట్టారు. ఆయన పంపిన ఫోటోను తర్వాత అక్కడ అతికిస్తారట. దీపాలు వెలిగాయి. అట్ట స్తంభాలు బంగారమయ్యాయి. కాగితం పూలు వాసన వేసినట్టు అనిపించింది. అసలు పెళ్లిలో పొగకు కళ్లు మండి ఆయన మొహమే సరిగా చూడలేదు. ఇక్కడ ఖాళీ పీట వైపు ఎంతసేపు చూసినా తల దించుకోమన్నవాళ్లు లేరు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అంత సుఖంగా నేనెప్పుడూ కూర్చోలేదు.

పర్మిట్ ఆఫీసులో నా వంతు వచ్చేసరికి ఐదు నెలలు పట్టింది. అక్కడి గుమాస్తాది చిత్తూరు వైపు. ఫోటోను దగ్గరా దూరం పెట్టి చూశాడు.

"ఏమ్మా, ఈ మండపాన్ని పోయిన నెల సినిమాలో చూస్తి గదా! ఆడ హీరో కూచోనుండె."

తప్పయిందని ఒప్పుకుని, సంచిలోంచి ఆయన ఉత్తరాల కట్ట తీసి ముందు పెట్టాను. నేను ఓడలో పంపిన ఆవకాయ ఉప్పు కషాయమని తిట్టిన ఉత్తరం, నా నోటికి జడిసే దేశం విడిచానన్న ఉత్తరం చదివి నవ్వాడు.

"మొగుడూ పెండ్లాలే, సందేహం లే. ఇట్ల ఇంకెవురు కొట్లాడుకుంటారు?" అన్నాడు. మళ్లీ తిరగేసి గొంతు తగ్గించాడు. "కానీ నిన్ను రమ్మని ఒక్క దాంట్లోనూ లేదే తల్లీ. ఆ ముక్క ఉండల్ల."

అన్నీ నాకు కంఠతా వచ్చిన ఉత్తరాలే. ఆ సంగతి ఎందుకు కనబడలేదో! బస్సులో ఇంటిదాకా ఏడ్చాను. మర్నాడు ఆయనకు రాశాను, నేను రావడం ఇష్టమో కాదో ఒక్క ముక్క చెప్పమని.

రెండు నెలలకు జవాబు వచ్చింది. నాలుగే వరసలు.

"ఈడ నా గది ఒకరికే చాలదు. నిన్ను రమ్మనేదానికి మొగం చెల్లలేదు. ఆరేండ్లుగా అడగాలనే ఉండాది. రా."

దాన్ని చూపించగానే పర్మిట్ వచ్చింది. ఉత్తరం మాత్రం ఫైల్లోనే ఉండాలన్నారు. ఎంత బతిమాలినా తిరిగివ్వలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం, ఆయన నాకు మళ్లీ ఉత్తరం రాయాల్సిన పని పడలేదు.