మెట్లన్నీ ఒక్కతీరు ఉండవు

మా ఆఫీసు సీనియర్ సార్ మొన్న ఆదివారం ఉదయం పోయారు. టీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారని వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. కప్పులో సగం టీ అలాగే ఉందట. ఆయన ఏదీ సగంలో వదిలే మనిషి కాదే!

చాలా ఏళ్ల కిందటి మాట. బేగంపేట ఆఫీసులో నేను చేరిన కొత్త. ఆసుపత్రి మంచాల దగ్గరి యంత్రాల రీడింగులను నర్సుల గదికి చేర్చే ప్రోగ్రాం ఒకటి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అప్పటికే ఏళ్లుగా నడుస్తోంది. దాన్ని బీఎస్‌డీ అనే మరో సిస్టమ్‌కు మార్చే పని నాకిచ్చారు. మార్చాను. తీరా చూస్తే, కంప్యూటర్‌కు నాలుగు నెట్‌వర్క్ కార్డులుంటే నా ప్రోగ్రాంకు మొదటిదే కనిపించింది, మిగతావి పిచ్చి అక్షరాలు. కేబుళ్లు మార్చాను, కార్డులు మార్చాను, కార్డులు చేసినవాణ్ణి తిట్టాను. మూడు రోజులు పోయాయి. శుక్రవారానికి తేలకపోతే ఉద్యోగం పర్మనెంట్ కాదని మేనేజర్ మొహం మీదే చెప్పేశాడు.

శుక్రవారం పొద్దున సార్ నా పక్కన కుర్చీ వేసుకున్నారు. కోడ్ చూడనే లేదు. సిస్టమ్ ఇస్తున్న కార్డుల జాబితాను ఉన్నదున్నట్టు అంకెల్లో ప్రింట్ తీయించారు. జేబులోని స్టీలు స్కేలు వరస కింద పెట్టి, ఒక్కో కార్డు వివరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పెన్సిల్‌తో గీతలు పెడుతూ పోయారు. ఆ అంకెల అడవిని పేపర్ చదివినంత తేలిగ్గా చదువుతుంటే నేను నోరెళ్లబెట్టాను. అలాంటి చూపు మళ్లీ ఎవరిలోనూ చూడలేదు.

“మెట్లన్నీ ఒక్కతీరుగుంటయని ఎవరు జెప్పిన్రు బిడ్డా నీకు?” అన్నారు.

లినక్స్‌లో ప్రతి వివరమూ ఒకే పొడవు. నా కోడ్ ఆ కొలతతోనే అడుగులు వేస్తోంది. ఇక్కడేమో ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. దేని పొడవు దాని లోపలే రాసి ఉంది, నేనే చూడలేదు. ఆ పొడవు చూసుకుని అడుగు వేసేలా రెండు లైన్లు మార్చగానే నాలుగు కార్డులూ వరసగా వచ్చాయి. నాకు ఏడుపొచ్చేసింది. మేనేజర్‌తో మాత్రం ఆ పిల్లే పట్టుకుందని చెప్పారు సార్. ఆ మాట నిజం చేయాలనే ఇన్నేళ్లుగా ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేస్తున్నాను.

బన్సీలాల్‌పేట్‌లో ఆయన ఇంటి మేడమెట్లలో ఆఖరిది మిగతావాటికంటే ఎత్తు. ఎవరు దిగుతున్నా పైనుంచి హెచ్చరించేవారు. మేస్త్రీని పిలిపించరాదా అని ఒకసారి అడిగితే, చెప్తుంటే సరిపోతది గదా అని నవ్వారు.

ఆదివారం చివరి చూపు చూసి దిగుతుంటే కళ్ల నిండా నీళ్లు. పైనుంచి ఎవరూ చెప్పలేదు. అయినా ఆ మెట్టు దగ్గర నా కాలు దానంతటదే ఆగి, తడుముకుని దిగింది. వెనక ఎవరో పెద్దావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వస్తోంది. చెయ్యి అందించాను. మా గుంటూరు నోటికి ఎన్నడూ రాని యాసలో మాట వచ్చింది.

“ఆఖరి మెట్టు ఎత్తుంటదమ్మా, జెర సూసి దిగు.”